నడుత్రోవలో నిలిచిన బండి



రాజులు నడచిన త్రోవలను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. ఏ సైన్యము ఏ కనుమ దాటెనో, ఏ దుర్గము ఏ సంవత్సరమున పట్టువడెనో తెలుపు గ్రంథములు మనకు పెక్కులు కలవు. ఆ త్రోవలమీద నిలిచిపోయిన బండ్లను గూర్చి వ్రాసినవారు మాత్రము మిక్కిలి అరుదు. ఇరుసు విరిగిన యెడ్లబండియు, ఆవిరి గ్రక్కుచు ఆగిన బస్సును, అడవినడుమ చీకటిలో చెడి నిలిచిన కారును చరిత్రకెక్కదగినవి కావని వారు తలంచిరి కాబోలు. నెల్లూరు జిల్లా పడమటి తట్టున, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములందు ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా తిరిగిన నాకు వేఱొక విధముగా తోచుచున్నది. ఒక త్రోవ మంచిచెడ్డలను దాని నునుపును చూచి చెప్పరాదు. దానిమీద బండి నిలిచిపోయినప్పుడు సాయము ఎంత దవ్వున నున్నదో చూచి చెప్పవలెను. ఈ కొలబద్దతో మన ప్రాంతపు త్రోవల పూర్వోత్తరములను నేడు కొంత పరికింతము.

ముందుగా నేల తీరు చెప్పవలెను. నెల్లూరునుండి బయలుదేరి పెన్న దాటి, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెము, సంగము మీదుగా వచ్చునప్పుడు ఇరుప్రక్కల కాలువలును వరిచేలును కనులకు చల్లగా నుండును. ఆత్మకూరు గడచి పడమటికిని ఉత్తరమునకును తిరిగితిమా, మెట్టసీమ. ఎఱ్ఱనేలలు, రాతిదిబ్బలు, లోతైన బావులు, వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన చెఱువులు. దానికిని పడమట వెలిగొండలు గోడవలె నిలిచియున్నవి. ఆ కొండల కావల కడప జిల్లా బద్వేలు. ఈవల, కొండల తూర్పుటడుగున ఉదయగిరి. నెల్లూరునకును ఉదయగిరికిని నడుమ దూరము దాదాపు 100 కిలోమీటర్లు. ఈ దూరమును జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు మఱల పని గలదు.

బండి నిలిచిపోవుట నేటి మోటార్లతో పుట్టిన బాధ కాదు. భారతయుద్ధమున కర్ణుని రథచక్రము నేల క్రుంగిన కథ మీలో నెఱుగనివారు లేరు. చక్రము నెత్తుకొనువఱకు ఆగుమని అతడు అర్జునుని ధర్మము పేర వేడుకొనెను. అతనికి ఆ యవకాశము దొరకలేదు. అతని పూర్వకర్మలను బట్టి అది తగునా తగదా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. వాదమెట్లున్నను, చక్రము క్రుంగినవాడు ఎంతటి శూరుడైనను ఒరుల దయకు లోబడినవాడని ఆ ఘట్టము మనకు తెలుపుచున్నది. అమరసింహుడు తన నిఘంటువునందు క్షత్రియవర్గమున చక్రమునకొక పేరు, దాని అంచునకొక పేరు, నడిమి గుండ్రకొక పేరు, ఇరుసుకొనను దిగగొట్టు చిన్న శీలకు సైతమొక పేరు చెప్పెను. వ్రేలెడంత శీలకు వేఱుగ పేరేల యని నా విద్యార్థులడిగెడివారు. ఆ శీల ఊడిన చక్రము జాఱును, చక్రము జాఱిన రథము కూలును. నిలిచిపోయినవానికే వస్తువు విలువ తెలియును. విలువ తెలిసినప్పుడే దానికి పేరు పుట్టును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఉదయగిరి దుర్గము గజపతుల యధీనమం దుండగా, శ్రీకృష్ణదేవరాయలు 1513వ సంవత్సరమున దానిని ముట్టడించి 1514లో గైకొనెను. రాయల యనంతరము విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఈ ముట్టడిని గూర్చి వ్రాయుచు, కోటకు పోవు త్రోవ ఒక్కొక్క మనిషి మాత్రమే పోదగినంత యిఱుకై యుండెననియు, రాయలు దానిని వెడల్పు చేయించి, మఱికొన్ని త్రోవలను కూడ నేర్పఱచి కోటను సమీపించెననియు తెలిపియున్నాడు. అనగా నాటి యుద్ధమున మొదటి శత్రువు కోటగోడ కాదు, త్రోవయే. కత్తి పట్టువానికంటె ముందు గడ్డపాఱ పట్టువాడు నడవవలసి వచ్చెను. కోట పట్టుటకు ఏడాదికి పైగా పట్టినదనిన, అందులో ఱాతితోడి పోరాటమునకు గూడ పాలు కలదని మనము గ్రహింపవలెను. ఉదయగిరినుండి కొనిపోబడిన బాలకృష్ణమూర్తి 1515లో విజయనగరమున ప్రతిష్ఠింపబడెను. నేడు కృష్ణపట్నము రేవునుండి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు మీదుగా పడమటికి సాగు 67వ నంబరు జాతీయ రహదారి, ఆ విజయనగరపు శిథిలముల చెంతనున్న హోసపేట మీదుగానే పోవుచున్నది. మనవారు దీనిని బొంబాయి రోడ్డందురు.

రాజుల సైన్యములు అప్పుడప్పుడు వచ్చి పోవును. ఏటేట త్రోవ నడచినది వర్తకము. సముద్రతీరపు ఉప్పు కొండల కావలి సీమలకు పోవలెను. అచ్చటి ధాన్యము, ప్రత్తి ఈవలకు రావలెను. ఈ పనిని పెక్కుకాలము లంబాడీలు పెరికెయెడ్లమీద చేసిరి. బండ్లుండగా ఎడ్ల వీపుమీద మోపనేల? కనుమలో బండి యిరుసు విరిగినచో సరకంతయు అచ్చటనే ఆగును. వెనుక వచ్చు బండ్లును ఆగును. నూఱు పెరికెయెడ్లలో ఒకటి కుంటుపడినచో దాని బరువు మిగిలిన తొంబదితొమ్మిదింటికిని పంచవచ్చును. వారి తండాలో పశువులు, కుటుంబములు, కుక్కలు అన్నియు కలసి నడచును. వారు సాయమును వెంటబెట్టుకొనియే పయనించిరి. ఊరులు దవ్వుగా నున్న త్రోవకు అంతకు మించిన యుపాయము లేదు.

బాటలు కొంత చదునైన పిమ్మట యెడ్లబండ్లు హెచ్చినవి. బండితో పాటు కమ్మరి, వడ్రంగి త్రోవప్రక్కకు వచ్చిరి. బండికి వచ్చు రోగములు మీకు నేను చెప్పనక్కఱలేదు. కందెన లేక ఇరుసు మండుట, శీల ఊడుట, ఆకు విఱుగుట, కాడి చీలుట. కందెన లేని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు నవ్వుచు చెప్పిన మాటలో, ఆ సంగీతము వినుచు కూర్చున్నవాడు అర్ధరాత్రము ఇరుసు విరిగి ఏడ్వవలసివచ్చునన్న హెచ్చరిక యిమిడియున్నది. మెట్టసీమలో మఱియొక చిక్కు కలదు. ఇనుపపట్టాను పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, కఱ్ఱచక్రమునకు తొడిగి, నీరు చల్లినచో, ఇనుము కుంచించుకొని చక్రమును బిగబట్టును. కాని వైశాఖపుటెండలో కఱ్ఱ తడియాఱి ముడుచుకొనును, పట్టా వదులగును. అప్పుడు బండివాడు చేయవలసినది చక్రములను చెఱువులో నానవేయుట. ఆ చెఱువే యెండినచో? కావున మన ప్రాంతమున నిలిచిన బండి మొదట కోరునది యినుము కాదు, నీరు. ఈ మాట మోటారు కాలమున గూడ మాఱలేదు.

నాటి ప్రయాణికుడు త్రోవను ఏ కంటితో చూచెనో తెలియవలెననిన, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర చదువవలెను. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నమున బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. మజిలీ మజిలీకి ఆయన వ్రాసిన విషయములెవ్వి? త్రోవ గులకయా యిసుకయా, నీరు మంచిదా, అంగళ్లున్నవా, దిగుటకు స్థలమున్నదా. పల్లకిలో పోవువానికి బోయీలే చక్రములు. వారికి జ్వరము వచ్చినచో ఆ ప్రయాణము నిలిచినట్లే. అందుచేతనే మన పూర్వులు సత్రము కట్టించుటను, చలివేంద్రము పెట్టించుటను, చెట్లు నాటించుటను పుణ్యకార్యములలో నెన్నిరి. పుణ్యము పేర వారు చేసినది, సాయమును త్రోవకు చేరువ చేయుట.

ఇప్పుడు సముద్రముల కావలికి పోవుదము. 1886లో జర్మనీదేశమున కార్ల్ బెంజ్ అనునతడు తన మోటారుబండికి పేటెంటు పొందెను. రెండేండ్లు గడచినను జనులు దానిని వింతవస్తువుగా చూచిరేకాని నమ్మి కొనలేదు. 1888 ఆగస్టు నెలలో అతని భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకయే, తన యిద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ పట్టణమునుండి తన పుట్టినింటివారున్న ఫోర్ట్స్‌హైమ్ పట్టణమునకు ఆ మూడుచక్రముల బండిమీద బయలుదేరెను. లోకమున మోటారుబండిమీద జరిగిన మొదటి దూరప్రయాణమదియే. దూరము వంద కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. మన నెల్లూరునుండి ఉదయగిరికున్నంత. త్రోవలో ఆ బండి ఎన్నిమాఱులు మొరాయించెనో వినుడు. చమురుగొట్టము పూడిపోగా ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రము చేసెను. తీగపై కప్పు చెడగా తన మేజోడుపట్టీతో చుట్టెను. చమురైపోగా ఒక యూరి మందులకొట్టులో దొరకిన ద్రవమును కొని పోయించెను. గొలుసును ఒక కమ్మరి బాగుచేసెను. నిలుపుడుకట్టెలరిగిపోగా ఒక చెప్పులు కుట్టువాడు వానికి తోలు తొడిగెను. మెట్టలెక్కునపుడు కుమారులు దిగి త్రోసిరి. అట్లు ప్రొద్దుగ్రుంకు వేళకు గమ్యము చేరిరి.

మోటారు యుగమును ఆరంభించిన ఆ మహాప్రయాణమును కడతేర్చినవారెవ్వరు? ఒక కమ్మరి, ఒక చర్మకారుడు, ఒక మందులవర్తకుడు, ఒక తల్లి బుద్ధికుశలత. మోటారును గూర్చి ఆ కమ్మరికేమియు తెలియదు. ఇనుము తెలియును, అది చాలెను. మన మెట్టగ్రామములందు గూడ మోటారును మొదట నిలిపినవారు అట్టివారే.

1888వ సంవత్సరమందే డన్లప్ అనునతడు గాలి నింపిన రబ్బరు చక్రమునకు పేటెంటు పొందెను. దానితో కుదుపు తగ్గెను, పంక్చరు పుట్టెను. 1908 మొదలు 1927 వఱకు అమెరికాలో ఫోర్డు కంపెనీవారు టీ నమూనా కారులను కోటిన్నరకు పైగా తయారుచేసిరి. అందులో పెట్రోలు తొట్టినుండి ఇంజనుకు చమురు తన బరువుచేతనే జాఱి రావలెను. తొట్టిలో చమురు తక్కువైనపుడు నిట్టమెట్ట యెక్కినచో చమురు ముందుకు రాక యింజను ఆగును. కావున తెలిసినవారు బండిని త్రిప్పి వెనుకనడకతో కొండ యెక్కించెడివారట. నవ్వు పుట్టించు విషయమైనను, ఇందులో నీతి గలదు. యంత్రము గుణమెఱిగినవానికి త్రోవ దొరకును.

1920, 30 సంవత్సరముల నడుమ మదరాసు రాజధానిలో జిల్లా రోడ్లమీద ప్రయివేటు బస్సులు తిరుగుట సామాన్యమయ్యెను. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1941లో పెట్రోలునకు రేషను పెట్టిరి. బస్సులు బొగ్గుతో నడువవలసి వచ్చెను. ఇది మా తండ్రిగారి తరమువారు కథలుగా చెప్పుకొనిన కాలము. బస్సు వెనుక నిలువెత్తు ఇనుపపీపా నొకదానిని బిగింతురు. అందు బొగ్గు నింపి నిప్పంటించి, చేతితో త్రిప్పు తిత్తితో గాలి విసరుదురు. గాలి చాలకుండ కాలిన బొగ్గునుండి మండెడి వాయువు పుట్టును. దానిని వడబోసి, చల్లార్చి ఇంజనులోనికి పంపుదురు. బండి బయలుదేరుటకే చాలసేపు పట్టెడిది. పెట్రోలుతో నడచునప్పటికంటె బలము మూడవవంతు తగ్గును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగ్గును. మెట్ట వచ్చినచో జనులు దిగి త్రోయవలెను. నడుమ నడుమ బూడిదయు చిట్టెమును దులిపివేయవలెను. దిగి త్రోయుట ప్రయాణపు ధర్మములలో నొకటిగా అందఱును అంగీకరించిన కాలమది. టిక్కెట్టు కొన్నవాడు, కొననివాడు, మునసబు, కూలి అందఱును ఒకే బస్సు వెనుక భుజము మోపిరి.

నా యనుభవములో నొకటి చెప్పెదను. 1984వ సంవత్సరము మార్చి నెల. పదవ తరగతి పరీక్షకు పదునొకండుగురు పిల్లలను వెంటబెట్టుకొని తెల్లవాఱుజామున బస్సెక్కితిని. పరీక్షాకేంద్రమునకు ఇంక ఆఱు కిలోమీటర్లుండగా ఇంజను మూతక్రిందినుండి తెల్లని ఆవిరి చిమ్మి బస్సు నిలిచెను. రేడియేటరు గొట్టము పగిలినది, నీరంతయు నేలపాలైనది. గంటయైనను గడవకముందే పరీక్ష. పిల్లలలో నిద్దఱాడపిల్లలు ఏడ్వసాగిరి. వారికి ముందు ఆ యూర పదవ తరగతి పరీక్షకు పోయిన ఆడపిల్ల లేదు. ప్రక్కనున్న ఊరు ముప్పది గడపలకు మించదు. ఆ యూర బావియింజనులు బాగుచేయు యువకుడొకడుండెను. అతడు పాత సైకిలు ట్యూబును చీల్చి, పగిలిన గొట్టముచుట్టు బిగించి చుట్టి, ఇనుపతీగతో కట్టెను. పిమ్మట నీరు కావలెను. ఆ వేసవిలో ఆ యూరికి త్రాగునీరిచ్చు బావి యొక్కటే. తెల్లవాఱకముందే చేది తెచ్చుకొనిన బిందెలను స్త్రీలు ఒక్కొక్కరుగా తెచ్చి యిచ్చిరి. ఆఱు బిందెలు పట్టెను. వలదు, మీకేమి మిగులునని నేననగా, ఒక ముసలమ్మ, "నీళ్లు రేపటికి మళ్లా ఊరతాయి అయ్యోరూ, పిల్లకాయల పరీక్ష మళ్లా రాదు గదా" అనెను. గంట కొట్టుటకు ముందే మేము చేరితిమి. ఏడ్చిన యిద్దఱిలో నొకతె తరువాత ఉపాధ్యాయురాలయ్యెను. ఆ యువకుడు ఆ దినమున డబ్బు పుచ్చుకొనలేదు.

ఆ యువకుడు విద్యాలయమున చదివినవాడు కాడు. మెట్టలో లోతు బావులుండుటచేత ఆయిలింజనులు వచ్చినవి. ఇంజనులుండుటచేత వానిని విప్పి బిగించు నేర్పు ఊరూర పుట్టెను. ఆ నేర్పే త్రోవమీద నిలిచిన బస్సునకు గూడ ఉపకరించెను. కమ్మరి కొలిమి బండికి చేసిన సాయమును, బావియింజను నేర్పరి మోటారునకు చేసెను. పనిముట్లు మాఱినవి, ఊరు త్రోవకు చేయు సాయము మాఱలేదు.

ప్రభుత్వములు కూడ తమవంతు చేసినవి. నైజాము రాష్ట్రమున 1932లో 27 బస్సులతో ఆరంభమైన రోడ్డు రవాణా శాఖ, 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందెను. ఆత్మకూరునను ఉదయగిరియందును ఆ సంస్థవారి డిపోలు నెలకొన్నవి. డిపో యనిన బస్సులు నిలుపు చోటు మాత్రమే కాదు. పనిముట్లు, విడిభాగములు, నేర్చిన చేతులు, చెడిన బస్సునకు మాఱుబస్సు. నెల్లూరునుండి రావలసిన సాయము దానితో మన ముంగిటికి వచ్చెను.

నేటి స్థితి యెట్లున్నది? మాటవరుసకు నిందింపక నిజము చెప్పవలెను. నేటి బండ్లు పాతవానివలె తఱచుగా నిలువవు. ట్యూబులేని టైరు మేకు గ్రుచ్చుకొనినను వెంటనే కూలబడక కొంతదూరము పోవును. రహదారులు వెడల్పైనవి. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలైన ఆఱవ భారత్ ప్రమాణముల ప్రకారము ఇంజను పొగను అనుక్షణము కనిపెట్టు యంత్రేంద్రియములు బండిలో నున్నవి. గాలికి మేలు జరిగెను. కాని అట్టి యింద్రియములలో నొకటి చెడినచో, ఇంజను చక్కగా నున్నను బండి మందగించును, లేదా నిలుచును. సైకిలు ట్యూబునకును ఇనుపతీగకును అది లోబడదు. కంప్యూటరు తగిలించి చూడవలెను. ఆ కంప్యూటరు పట్టణమున నుండును. నాడు బండి తఱచుగా నిలిచెడిది, సాయము చేరువ. నేడు బండి యరుదుగా నిలుచును, సాయము దవ్వు. మఱియు, వేగముగా పోవు త్రోవమీద నిలిచిన బండి వెనుక వచ్చువానికి మృత్యువగుచున్నది. మఱ్ఱిపాడు దాటి వెలిగొండల మలుపులలో దీపములు లేక నిలిచిన లారీని చీకటిలో ఎవడు కనిపెట్టగలడు?

కావున పెద్దలకు నా విన్నపములు కొన్ని కలవు. త్రోవప్రక్క గ్రామమున ఒక పలకమీద, చేరువనున్న మెకానిక్కు, పంక్చరు వేయువాడు, ఆసుపత్రి వీరి ఫోను నంబరులు పెద్దయక్షరములతో వ్రాయింపుడు. జాతీయ రహదారిపై నిలిచినవారికి 1033 అను నంబరు, గాయపడినవారికి 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ఆరంభమైన 108 సేవ కలవని పిల్లలకు గూడ నేర్పుడు. బండి నిలిచినవారు వెనుకకు కొమ్మలును ఱాళ్లును పెట్టుట మన యలవాటు; దానికంటె వెలుగు పడిన మెఱయు ఎఱ్ఱని ముక్కోణపు పలక మేలు. ఱాళ్లే పెట్టిరా, బండి కదలిన పిమ్మట వానిని తీసివేయించు భారము మనది. మఱచిపోయిన ఱాయి మఱునాటి రాత్రి మఱియొకని ప్రాణము తీయును. బండి చెడినవారివద్ద, వేఱు గతి లేదని యెఱిగి, పదింతలు గుంజువారు అచ్చటచ్చట తయారగుచున్నారు. అట్టివారికి బుద్ధి చెప్పదగినవారు పోలీసులకంటె ముందు ఊరి పెద్దలే. ప్రమాదమున పడినవానిని తాకిన కేసులలో చిక్కుకొందుమని కొందఱు భయపడుదురు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, 134-ఏ విభాగమున, సద్బుద్ధితో సాయపడినవానికి రక్షణ కల్పించెను. ఆ భయము విడువవచ్చును.

చివరి విన్నపము మన పిల్లలను గూర్చి. ఇంజను విప్పి బిగించు చేయి మైలచేయి యని, అది చదువు రానివాని పని యని మనమే వారికి నూఱిపోసితిమి. ఊరికొక్కడైనను కొత్తబండ్ల మర్మము నేర్చి, ఆ కంప్యూటరును పట్టణమునుండి మన మెట్టకు తెచ్చుకొనినచో, 67వ నంబరు రహదారిమీద పోవు బాటసారికి అది సత్రము కట్టించినంత మేలు. పనికి తగిన కూలి అతడు పుచ్చుకొనవచ్చును; ధర్మమునకు లోపము రాదు. వెలిగొండల నడుమ ఏ రాత్రి ఎవరి బండి నిలుచునో యెవ్వరెఱుగుదురు? అందు ప్రసవమునకు పోవు తల్లి యుండవచ్చును, పరదేశమునుండి తండ్రి కడసారిచూపునకు వచ్చు కొడుకుండవచ్చును. వారికి కనబడు మొదటి దీపము మన యూరిదే కావలెను.